కుడిచేతిలో చింతగింజ

మూడు గంటలకు ఆట మొదలంటే, రెండున్నరకే ఇంద్రాణి కుట్టుమిషను ఆగిపోయేది. దారం కండెల డబ్బాకు ఫోను ఆనించి, వాకిలి తలుపు ఓరగా వేసి, ఎవరైనా వస్తే చప్పున మీద కప్పడానికి ఒక జాకెట్టు గుడ్డ పక్కన పెట్టుకొని కూర్చునేది. ఆమె చేస్తున్నది తప్పుపనేమీ కాదు. నాగపూర్‌లో జరుగుతున్న జాతీయ మహిళల చదరంగం పోటీలు చూస్తోంది, అంతే. హోసూరు పక్క మూకండపల్లిలో ఆ వీధి వీధంతా చూస్తున్నదే. కాకపోతే వీధంతా ఎదురింటి అంగాళమ్మ వాకిట్లో గుంపుగా కూర్చొని చూస్తుంటే, ఇంద్రాణి తన ఇంట్లో తను ఒక్కతే దొంగచాటుగా చూస్తోంది. ఎవరైనా పిలిస్తే, "నాకెక్కడ తీరుతాది తల్లీ, పెండ్లి జాకెట్లు నెత్తిన ఉండాయి" అని తప్పించుకుంటోంది.

పోటీల్లో ఆడుతున్నది అంగాళమ్మ కూతురు శక్తి. పదిహేడేళ్ళ పిల్ల. వాళ్ళ నాయన అనంతకుమార్ కంపెనీ బస్సు నడపడానికి సెలవు పెట్టి కూతురికి తోడుగా నాగపూర్ పోయాడు. ఆ పిల్లకు మొట్టమొదట పావు జరపడం నేర్పింది ఇంద్రాణి. ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇంద్రాణి, అంగాళమ్మ, శక్తి. నోరు తెరిచి పదిమందిలో చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

శక్తికి ఐదేళ్ళప్పుడు అంగాళమ్మ పారిశ్రామిక ఎస్టేటులోని ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనికి చేరింది. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. పిల్ల బడి నుంచి నేరుగా ఇంద్రాణి ఇంటికి వచ్చేది. వచ్చిన పిల్ల ఊరికే ఉంటుందా, మిషను సూది దగ్గర వేలు పెట్టేది. ఆ వేళ్ళను మిషనుకు దూరంగా పెట్టడానికి ఇంద్రాణి ఒకనాడు గుడ్డమీద గీతలు గీసే సుద్దతో ఎర్రగచ్చు మీద అరవై నాలుగు గళ్ళు గీసింది. గుండీల డబ్బా బోర్లించింది. చొక్కా గుండీలు బంట్లు. కోటు గుండీ రాజు. ఇత్తడి హుక్కులు గుర్రాలు.

ఇంద్రాణికి ఆ ఆట నేర్పింది ఆమె నాయన వెంకటరామప్ప. గురుబరపల్లిలో మామిడికాయల కాలంలో లారీల కోసం కాచుకొని కూర్చునే మగవాళ్ళు రోడ్డు పక్క షెడ్డులో ఆడేవాళ్ళు. నాయన ఇంట్లో కూతురితో ఆడి చెయ్యి తేలిక చేసుకొని, అక్కడికిపోయి పందెం గెలిచేవాడు. కూతురు వెంట వస్తానంటే, "మొగోళ్ళు కూర్చొనే తావు, నువ్వు యాడికి?" అనేవాడు. ఇంద్రాణి ఇంట్లో నాయనను మూడు తూర్లు ఓడించింది. ఆ మాట కూడా ఎవరికీ తెలియదు.

శక్తిది చురుకైన తల, అంతకన్నా చురుకైన చెయ్యి. ఆలోచన పూర్తి కాకముందే పావు జరిపేసి, నాలుక కరుచుకొనేది. అందుకని ఇంద్రాణి ఒక చింతగింజ తెచ్చి ఆ పిల్ల కుడిచేతిలో పెట్టి పిడికిలి మూయించింది.

"ఇది పట్టుకో. ఆలోచన అయిందనుకున్నప్పుడు గింజను కింద పెట్టు. పెట్టేటప్పుడు ఇంకోతూరి చూడు. గింజ కింద పెట్టినాకే పావు ముట్టుకోవాల."

"గింజ పెట్టేలోగా మనసు మారిపోతే, అత్తా?"

"మారితే మళ్ళీ పట్టుకో. గింజకేం, కోపమొస్తాదా?"

అట్లా ఐదేళ్ళు. పదేళ్ళప్పుడు అంగాళమ్మ కూతుర్ని హోసూరులో జనార్ధనరావు సార్ అకాడెమీలో చేర్చింది. ఇంద్రాణి నేర్పింది పల్లెటూరి ఆట. అందులో బంటు మొదటి అడుగులో రెండు గళ్ళు దూకకూడదు, రాజు ఆటలో ఒక్కసారి గుర్రం మాదిరి ఎగరవచ్చు. సార్ మొదటిరోజే నవ్వి, "ఎక్కడ నేర్చుకొనింది ఈ నాటు ఆట? ముందు దీన్ని చెరిపితేగాని కొత్తది రాయలేం" అన్నాడట. ఆ మాట అంగాళమ్మే వచ్చి, నవ్వుతూ చెప్పింది. ఇంద్రాణి కూడా నవ్వింది. నవ్వి, గచ్చు మీద మిగిలిన సుద్దగీతలను తడిగుడ్డతో తుడిచేసింది.

రెండు నెలల కింద శక్తి రాష్ట్రపోటీల్లో గెలిచినప్పుడు హోసూరులో ఒక కల్యాణ మంటపంలో సన్మానం చేశారు. ఇంద్రాణి పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకొని మూడో వరసలో కూర్చుంది. శక్తి తొడుక్కున్న కోటు ఆమె కుట్టిందే. పిల్ల మైకు ముందుకు వచ్చి చేతిలో కాగితం చూసుకొని, "నా మొదటి గురువు జనార్ధనరావు సార్" అంది. సార్‌కు శాలువా కప్పారు. ఇంద్రాణి చప్పట్లు కొట్టింది. పక్కవాళ్ళు చూస్తారని అందరికన్నా కాస్త ఎక్కువసేపే కొట్టింది. ఇంటికి వచ్చి చీర మడత పెడుతూ భర్త ఆంజప్పతో, "ఆ కోటు భుజాల దగ్గర సరిగ్గా కూర్చోలేదు" అని మాత్రం అంది.

ఆ రోజునుంచి ఆమె ఎదురింటి గడప తొక్కలేదు.

"నీకేం తక్కువైందే?" అనేవాడు ఆంజప్ప. "ఆ పాప గెలిస్తే మన వీధికే కదా పేరు?"

"వీధికి పేరు కావాలంటే మున్సిపాలిటీవాళ్ళు బోర్డు పెడ్తారు."

ఇప్పుడు ఫోనులో శక్తి ఆడుతుంటే ఇంద్రాణి మనసు రెండుగా చీలేది. మంచి ఎత్తు వేస్తే, "అట్లా వెయ్యాల" అని గొణిగేది. గెలిస్తే మాత్రం గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉండేది. ఆ పెద్ద హాలు, తెల్లగుడ్డ పరిచిన బల్ల, పేరు రాసిన చీటీ, ఎదురుగా కూర్చొని గడియారం నొక్కే మనిషి. మగవాళ్ళు కూర్చునే తావు అని తనకు ఎవరు చెప్పారో, వాళ్ళు ఈ పిల్లకు ఎందుకు చెప్పలేదు?

నాలుగో రోజు కెమెరా శక్తి చేతి దగ్గరికి వచ్చింది. మూసిన పిడికిలి. చాలాసేపటికి పిడికిలి తెరుచుకుంది. నల్లగా, నున్నగా, ఒక చింతగింజ. శక్తి దాన్ని బల్లమీద పెట్టింది. ఒక క్షణం ఆగింది. తర్వాత గుర్రాన్ని జరిపింది.

ఇంద్రాణి ఫోను మీదికి వంగింది. ఆ పిల్ల ఇంకా పట్టుకొనే ఉంది!

ఆటను ఇంగ్లీషులో వివరిస్తున్న ఇద్దరూ నవ్వుకున్నారు. పోటీ అధికారులు మొదటిరోజే తీసుకొని చూశారట, మామూలు గింజేనని తిరిగి ఇచ్చేశారట. అంతలో తెర మూలన ఇంకో బొమ్మ తెరుచుకుంది. హోసూరు నుంచి జనార్ధనరావు సార్. వెనక గోడనిండా కప్పులు. ఆయన చిరునవ్వుతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంద్రాణి చదివింది పదో తరగతే. అయినా 'మా అకాడెమీ', 'మా పద్ధతి' అన్న ముక్కలు అర్థం కావడానికి ఆ చదువు చాలు.

ఆమె ఫోను మీద జాకెట్టు గుడ్డ కప్పేసింది. ఎవరూ రాలేదు. అయినా కప్పేసింది.

మర్నాడు పొద్దున రెండిళ్ళ అవతల ఉండే అంబిక జాకెట్టు కోసం వచ్చింది. "ఇంద్రాణక్కా, చూస్తివా? మా సార్ గింజ సంగతి చెప్పినాడే!"

"ఏ గింజ?"

"చింతగింజక్కా. నిన్న సాయంత్రం అకాడెమీలో పిల్లోళ్ళకంతా తలా ఒకటి ఇచ్చినాడు. వార్నిష్ పూసి, చిన్న కవర్లో పెట్టి. మా బిడ్డ లక్ష్మీప్రియ దిండు కింద పెట్టుకొని పడుకొనింది."

"చింతగింజకు వార్నిష్ ఎందుకు?"

"మెరుస్తాదంట."

"మెరిస్తే చేతిలో నిలవదు. జారిపోతాది" అంది ఇంద్రాణి, దారం పళ్ళతో పుటుక్కున కొరికి. అంబిక జాకెట్టుకు ఒక హుక్కు తక్కువ కుట్టి ఇచ్చినట్టు రెండురోజుల తర్వాత తెలిసింది. కావాలని కాదు. కావాలని కాదనే ఆమె నమ్మకం.

గింజ పుణ్యమా అని వీధికి ఉత్సాహం పెరిగింది. ఐదోరోజు అంబిక తన ఫోనును అంగాళమ్మ టీవీకి కలిపింది. ఇంతవరకు అరచేతిలో ఉన్న ఆట గోడంత అయింది. బోర్డు పక్కన ఒక నిలువు పట్టీ ఉంది. సగం తెలుపు, సగం నలుపు. ఆ రోజు తెల్లపావులతో శక్తి గెలుస్తున్నకొద్దీ తెలుపు పైకి పాకింది. చదరంగం రాని ఆ వీధికి అంబిక పెద్ద పండితురాలైపోయింది. "ఎత్తులు చూడబాకండి, తల తిరుగుతాది. పట్టీ చూడండి. తెలుపు పైకి పోతే మనది."

ఆరోరోజు శక్తి నల్లపావులతో ఆడింది.

ఇంద్రాణి తన ఇంట్లో ఫోను చూస్తోంది. ఇరవయ్యో ఎత్తు దాటేసరికి శక్తి ఆట పాడైంది. గింజను మూడుసార్లు కింద పెట్టి, మూడుసార్లు మళ్ళీ తీసుకుంది. రాజు చుట్టూ కంచె తెగిపోయింది. పట్టీలో తెలుపు మెల్లగా ఎక్కసాగింది. తెల్లపావుల వాళ్ళది పైచెయ్యి అని దాని అర్థం. అప్పుడే ఎదురింట్లో కేకలు మొదలయ్యాయి.

"పోతా ఉంది, పోతా ఉంది! ఇంకా పైకి!"

ఇంద్రాణి లేచి కిటికీ దగ్గరికి పోయింది. రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే చాలు. 'ఓసి పిచ్చిమొగాల్లారా, ఓడిపోతా ఉండాది' అని ఒక్కమాట. ఆమె కాళ్ళు కదల్లేదు. కదిలించాలని ఆమె గట్టిగా అనుకోనూ లేదు. మొదటిగురువు వేరే ఉన్నాడు కదా, ఆయన వచ్చి చెప్పనీ.

పట్టీ అంతా తెల్లబడింది. అదే క్షణాన వీధిలో కరెంటు పోయింది. టీవీ ఆరిపోయిందిగాని, గెలుపు తేలిపోయిందనుకున్న వీధి ఆగలేదు. వాకిట్లో టపాకాయల సరం అంటించారు. ఇంద్రాణి ఫోనులో శక్తి తల వంచుకొని, ఎదుటి ఆటగత్తెకు చెయ్యి అందించి, ఓటమి ఒప్పుకొని ఎత్తులు రాసిన కాగితం మీద సంతకం పెడుతోంది. అదే సమయానికి అంగాళమ్మ మైసూర్‌పాక్ డబ్బాతో ఇంద్రాణి గడపలోకి వచ్చింది. ముఖమంతా నవ్వు.

"తీసుకోక్కా, పాప గెల్చింది. రెండు తీసుకో."

ఇంద్రాణి రెండు తీసుకుంది. ఒకటి నోట్లో వేసుకుంది.

"బాగుందాక్కా?"

"బాగుంది."

ఆ తీపి ఆమె గొంతులోనుంచి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక, ఒంటరిగా, కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు తనదేనా అని ఆమెకు భయమేసింది.

మర్నాడు పోటీలకు విరామం. పొద్దున ఏడింటికి అంగాళమ్మ కంపెనీ యూనిఫాంలోనే నేరుగా ఇంద్రాణి ఇంటికి వచ్చింది. మధ్యాహ్నాలు ఆట చూడటానికి వీలుంటుందని ఆమె పోటీలు అయ్యేదాకా రాత్రి షిఫ్టు అడిగి వేయించుకుంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అక్కా, నిన్న నువ్వు ఆట చూసినావా?"

"నాకెక్కడ తీరుతాది..."

"అబద్ధం చెప్పొద్దు. నీ కిటికీలోనుంచి ఆ ఇంగ్లీషు మాటలు రోజూ వినిపిస్తా ఉండాయి. కరెంటు పోయినా నీ ఫోనులో వస్తాది. నీకు తెలుసు. నేను మైసూర్‌పాక్ ఇచ్చినప్పుడు నీకు తెలుసు. తిని, బాగుందన్నావు."

ఇంద్రాణి మిషను మీద గుడ్డ సర్దింది. "బాగుండింది. బాగుందన్నాను."

"నా బిడ్డ ఆడ గదిలో తలుపేసుకొని ఏడుస్తా ఉంది. నేను ఫోన్ చేసి, టపాకాయలు కాల్చినాం తల్లీ అన్నాను. ఎగతాళి చేస్తావా అమ్మా అని ఫోన్ పెట్టేసింది. వాళ్ళ నాయన నన్ను నోటికొచ్చినట్లు తిట్టినాడు. ఈ వీధిలో ఆట తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. ఒక్కమాట చెప్పకూడదా?"

"నన్నెవరు అడిగినారు అంగాళమ్మా?" ఇంద్రాణి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీకు సార్ ఉండాడు. మొదటి గురువు. ఆయన్ని అడగాల్సింది."

అంగాళమ్మ "అదా" అంది. తర్వాత గడప మీద కూలబడి, కాలిబూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది, అదేదో తొందరపని అయినట్టు.

"ఆ మాట పాపది కాదక్కా. నేను చెప్పించినాను."

ఇంద్రాణి గుడ్డ సర్దడం ఆపింది.

"పేపరు మీద నీ పేరే రాసుకొనింది. నాకు చదివి వినిపించింది. 'మా అమ్మ షిఫ్టుకు పోయినప్పుడు నేను ఇంద్రాణి అత్త దగ్గర పెరిగినాను' అని మొదలు. నేనే కొట్టేయమన్నాను. సార్ పేరు రాయమన్నాను."

"ఎందుకు?"

"ఎందుకా?" అంగాళమ్మ బూటు పక్కన పెట్టింది. "దానికి ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది, గుర్తుందా? లీవు పెట్టి రేయంతా పక్కనే కూర్చున్నాను. నిద్దట్లో అది 'అత్తా' అని పిలిచింది. రెండు తూర్లు. అన్నం పెట్టింది నువ్వు, జడ వేసింది నువ్వు, ఆట నేర్పింది నువ్వు. అంతమంది ముందర అది కూడా చెప్పేస్తే నాకేం మిగుల్తాదక్కా? కన్నాను, అంతేనా? సార్ పేరు చెప్తే నాకు నొప్పి లేదు. ఆయన దుడ్డు తీసుకొని నేర్పినాడు. నీ పేరు చెప్తేనే నొప్పి."

ఈ రెండు నెలలూ ఈ వీధిలో కడుపుమంట తనదొక్కదానిదే అనుకుంది ఇంద్రాణి. ఎదురింట్లో పదేళ్ళుగా ఇంకో పొయ్యి మండుతూనే ఉంది. జాలి పడాల్సిన చోటు అది. కాని మొదట ఆమెకు కలిగింది జాలి కాదు. పేపరు మీద నా పేరే రాసింది అన్న సంతోషం. ఆ సంతోషానికి సిగ్గుపడి తల వంచుకుంది.

"ఈ తూరి చెప్పమంటానులే" అంది అంగాళమ్మ, ముక్కు చీదుకొని.

"వద్దు. అడిగి చెప్పించుకుంటే అది పేరు కాదు, ముష్టి." ఇంద్రాణి లేచి లోపలికి పోయి నీళ్ళచెంబు తెచ్చి ఇచ్చింది. "ఇంకోటి విను. ఆ పట్టీలో తెలుపు అంటే మనం కాదు. తెల్లపావుల వాళ్ళు. పాప ఏ రంగుతో కూర్చొనిందో ముందు అది చూడాల. ఆ అంబిక మాట నమ్మితే పెండ్లికీ చావుకూ ఒకే మేళం పెట్టిస్తాది."

అంగాళమ్మ నవ్వలేదు. నీళ్ళు మాత్రం తాగింది.

ఆ తర్వాతి నాలుగు రోజులూ ఇద్దరి మధ్యా మాటలు పెద్దగా లేవు. మధ్యాహ్నం మూడు దాటాక గంటకోసారి అంగాళమ్మ తన వాకిట్లోకి వచ్చి నిలబడి కనుబొమలు ఎగరేసేది. ఇంద్రాణి కిటికీలోనుంచి అరచెయ్యి పైకి తిప్పితే బాగుందని, బోర్లిస్తే బాగాలేదని, అటూ ఇటూ ఊపితే ఇంకా తేలలేదని. అంగాళమ్మ లోపలికి పోయి ఆ కబురు చెప్పేది. శక్తి రెండు ఆటలు గెలిచింది, రెండు సమానం చేసుకుంది. చివరి ఆట గెలిస్తే మూడో స్థానం. పతకం.

చివరి ఆట ఆదివారం. రెండున్నరకు అంగాళమ్మ రోడ్డు దాటి వచ్చింది. "రాక్కా. ఈ ఒక్కరోజుకు చేతులూపి చెప్పేది వద్దు. నా గుండె ఆగిపోతాది."

ఇంద్రాణి జాకెట్టు గుడ్డ మడిచి పెట్టి, రెండు నెలల తర్వాత ఆ గడప దాటింది. లోపల మొదట కనిపించింది జనార్ధనరావు సార్. ఆ ఇంట్లో చేతులున్న కుర్చీ ఒక్కటే. దాంట్లో ఆయన కూర్చొని ఉన్నాడు. పక్కన స్టూలు మీద కాఫీ, ఆయనకు మాత్రమే స్టీలు గ్లాసు కింద సాసరు. మిగతా వీధంతా కింద చాపల మీద. ఇంద్రాణి తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడింది.

శక్తిది మళ్ళీ నల్లపావులే. "నలుపు మనది! అందరూ గుర్తు పెట్టుకోండి, ఈపొద్దు నలుపు మనది!" అని అంబిక ఐదు నిమిషాలకోసారి చాటింపు వేస్తోంది. సార్ ఎత్తు ఎత్తుకూ అర్థం చెబుతున్నాడు. బాగానే చెబుతున్నాడు. అది ఇంద్రాణికి ఇంకా కష్టంగా ఉంది. తెలివితక్కువవాడైతే ఎంత హాయిగా ఉండేది!

ముప్పై ఎత్తులు దాటాక ఎదుటి ఆటగత్తె ఒక ఏనుగును దిక్కులేకుండా వదిలేసింది. శక్తి మంత్రి దాన్ని ఉత్తపుణ్యానికి తినేయొచ్చు. చాపల మీద కలకలం. సార్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అయిపోయింది! ఏనుగు ఫ్రీ. తినేస్తుంది, ఆట మనది."

"తినదు" అంది ఇంద్రాణి.

అందరూ తలుపు వైపు తిరిగారు. అంత గట్టిగా అన్నట్టు ఆమెకే తెలియదు.

"ఎందుకు తినదమ్మా?" అన్నాడు సార్, చిన్నపిల్లతో మాట్లాడినట్టు.

"అది ఎర. ఆ ఏనుగును తిననీకి మన మంత్రి పక్కకు పోతే, వాళ్ళ మంత్రి వచ్చి రాజు మెడ పట్టుకుంటాది. ఇంక వదలదు. పాప ఇంకా గింజ కింద పెట్టలేదు చూడండి."

తెరమీద శక్తి పిడికిలి మూసే ఉంది. ఐదు నిమిషాలు. పది. అంగాళమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుంది. సార్ గడ్డం మీద చెయ్యి వేసుకొని తెరవైపే చూస్తున్నాడు. నాయన వెంకటరామప్ప మాట ఇంద్రాణి చెవిలో మోగింది. ముందు నీ ఇంటి తలుపుకు గడియ పెట్టుకో, తర్వాత ఎదుటివాడి ఇంట్లోకి పో. ఆ మాటను ఈ పిల్లకు గచ్చు మీద ఎన్నిసార్లు చెప్పిందో!

పిడికిలి తెరుచుకుంది. గింజ బల్ల మీదికి వచ్చింది. శక్తి ఏనుగు జోలికి పోలేదు. తన రాజును మూల గడిలోకి ఒక్క అడుగు జరిపి, గడియారం నొక్కింది.

"తలుపు గడియ" అంది ఇంద్రాణి, తనలో తాను.

పట్టీలో నలుపు అడుగుపైన అడుగు కమ్ముకొచ్చింది. ఇంకో అరగంటకు ఎదుటి ఆటగత్తె చెయ్యి చాచింది. "నలుపు! మనదే, మనదే!" అని అంబిక గొంతు చించుకుంది. అయినా ఎవరూ టపాకాయలు ముట్టించలేదు. అందరూ ఇంద్రాణి ముఖం చూశారు. ఆమె అరచెయ్యి పైకి తిప్పింది. అప్పుడు పేలింది వాకిట్లో సరం.

పొగ ఇంకా తగ్గకముందే తెరమీద శక్తి వచ్చింది. మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ ఇంగ్లీషులో ఏదేదో అడిగి, చివరికి అడిగింది. ఈ గింజ మీ కోచ్ ఇచ్చారట కదా?

జనార్ధనరావు సార్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

శక్తి పిడికిలి చూసుకుంది. "కాదు" అంది, చాపల మీద వాళ్ళకు కూడా అర్థమయ్యేంత చిన్నచిన్న ఇంగ్లీషు ముక్కలతో. "చిన్నప్పుడు మా అమ్మ షిఫ్టుకు పోయినప్పుడు నేను ఎదురింట్లో ఉండేదాన్ని. ఆ ఇంటి అత్త ఇచ్చింది. ఆట కూడా మొదట ఆమే నేర్పింది. ఇంద్రాణి అత్త." చివరి రెండు మాటలూ తెలుగులోనే అంది, హిందీవాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ అర్థమైనా కాకపోయినా.

చాపలన్నీ ఒక్కసారి ఇంద్రాణి వైపు తిరిగాయి. అంబిక నోరు తెరిచింది. "అక్కా! నువ్వా! ఒక్కమాటైనా చెప్పలేదే?"

"నువ్వు వార్నిష్ గింజ గురించి చెప్తా ఉంటివి. మధ్యలో ఎందుకని" అంది ఇంద్రాణి. అంత తీపిగా ఆమె ఈ మధ్య ఏ మాటా అనలేదు. సార్ ఆలస్యంగా చప్పట్లు కొట్టాడు. కొట్టి, కుర్చీలోనుంచి లేచి, "మీరు కూర్చోండమ్మా" అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయనను నిలబెట్టి తాను కూడా నిలబడే ఉంది. అందులో ఇంకా రుచి ఉంది.

"ఇంకోసారి పెట్టు అంబికా."

అంబిక వెనక్కి జరిపి పెట్టింది. మా అమ్మ షిఫ్టుకు పోయినప్పుడు... ఇంద్రాణి అత్త.

"ఇంకొక్కసారి."

మా అమ్మ షిఫ్టుకు పోయినప్పుడు...

వంటింట్లో ఏదో గిన్నె దబ్బున పడింది. ఇంద్రాణి చుట్టూ చూసింది. అంగాళమ్మ అక్కడ లేదు. కూతురు పతకం గెలిచిన రోజు, ఆమె ఇంట్లో, ఆమె టీవీలో, ఆమె లేని గంటలను వీధంతా వరసగా మూడోసారి వింటోంది. తన పేరు వినిపించే ప్రతిసారీ, దానికి ముందు ఆ మాట కూడా వినిపిస్తుంది. ఒకటి లేకుండా ఇంకొకటి రాదు.

"చాల్లే అంబికా. ఆపు."

"ఇంకా వినక్కా, మళ్ళీ..."

"ఆపమన్నానా!"

ఇంద్రాణి వంటింట్లోకి పోయింది. అంగాళమ్మ ఆమెకు వీపు చేసి, మైసూర్‌పాక్ డబ్బాకు మూత తీస్తోంది. తీసిన మూత మళ్ళీ పెడుతోంది.

"ఇప్పుడు తృప్తేనా అక్కా?"

ఇంద్రాణి అబద్ధం చెప్పదలచుకోలేదు. "సగం."

"మిగిలిన సగం?"

"నువ్వు చెప్పమన్నావా పాపకు?"

"లేదు." అంగాళమ్మ తిరిగి చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయిగాని గొంతు గట్టిగానే ఉంది. "చెప్పమనీ అనలేదు. నిన్న రాత్రి అది ఫోన్ చేసి, రేపు అడిగితే ఏం చెప్పేదమ్మా అనింది. పోయిన తూరి మాదిరి వద్దని చెప్పలేదు. ఊరికే ఉండినాను. నువ్వు ఆపొద్దు మైసూర్‌పాక్ తిన్నప్పుడు ఊరికే ఉన్నావు చూడు, అట్లనే."

ఇంద్రాణి ఆ మాటను వంటింటి గట్టు పట్టుకొని నిలబడి భరించింది. తనది కూడా ఊరికే ఉండటమే. ఈమెది కూడా ఊరికే ఉండటమే. రెండూ ఒకటి కావని ఇద్దరికీ తెలుసు.

"జ్వరమొచ్చినప్పుడు అది అత్తా అనింది నీకు గుర్తుంది" అంది ఇంద్రాణి. "నీ షిఫ్టు బస్సు హారన్ ఎప్పుడు వినిపించినా గుండీలన్నీ చిందరవందర చేసి వాకిట్లోకి ఉరికేది. గెలిచే ఆటైనా సరే. ఒక్కనాడు కూడా నాతో ఆట ముగించి పోలేదు. అది నాకు గుర్తుంది."

అంగాళమ్మ డబ్బా మూత తీసి గట్టు మీద పెట్టింది. బయట అంబిక జనార్ధనరావు సార్‌ను, మా లక్ష్మీప్రియ గింజకు వార్నిష్ గీకేయాలా సార్ అని అడుగుతోంది.

"తీసుకో." అంగాళమ్మ డబ్బా చాచింది. "ఆగాగు. ఈ తూరి నిజంగా గెల్చిందా? సరిగ్గా చూసి చెప్పు. నాకు ఆ పట్టీ మీద నమ్మకం పోయింది."

"నిజంగానే గెల్చింది. నల్లపావులతో."

ఇంద్రాణి ఒకటే తీసుకుంది.

"రెండు తీసుకోక్కా."

"ఒకటి చాలు. పోయిన తూరిది ఇంకా అరగలేదు."